నాయనమ్మ కథల పుస్తకానికి బొమ్మలు: ఆర్టిస్టుతో గీయించాలా, ఏఐతో కానిచ్చేయాలా?

మీ ప్రశ్న ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. తెనాలి దగ్గర పల్లెలో మీ నాయనమ్మ చెప్పిన కథలు 12 రాసి పెట్టుకున్నారు. వాటిని 64 పేజీల చిన్న పుస్తకంగా 200 కాపీలు వేయించి బంధువులకు పంచాలి, మిగిలినవి పుస్తక ప్రదర్శనలో స్నేహితుడి స్టాల్లో పెట్టాలి. అమెరికాలో ఉన్న మీ అక్క పిల్లల కోసం తర్వాత ఇంగ్లిష్‌లో కూడా తేవాలని ఉంది. బొమ్మలకు 20,000 రూపాయలు పక్కన పెట్టారు. మీకు నచ్చిన ఆర్టిస్టు కథకో ఫుల్ పేజీ కలర్ బొమ్మ చొప్పున 60,000 అడిగారు. ఈలోపు మీరు ఏఐ ముందు ఒక సాయంత్రం కూర్చుంటే 12 బొమ్మలూ వచ్చేశాయి, చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఇప్పుడు ఆర్టిస్టుకు వద్దని చెప్పాలా, బడ్జెట్ మూడింతలు చేయాలా అన్నది మీ టెన్షన్.

రెండూ అక్కర్లేదు. బొమ్మలు మనిషితోనే గీయించండి, కానీ 12 కలర్ పేజీలు వద్దు. లోపల నలుపు తెలుపు లైన్ డ్రాయింగులు ఓ పది, అట్ట మీద ఒక్క కలర్ బొమ్మ చాలు. ఇది 20,000లో అయ్యే పనే. ఎలా అవుతుందో, ఏఐ బొమ్మలు మీ పుస్తకానికి ఎందుకు సరిపోవో, ఎలాంటి పనికైతే హాయిగా సరిపోతాయో కాస్త వివరంగా రాస్తాను. చిన్న పుస్తకాలకు లేఅవుట్ చేసి ప్రెస్సుకు పంపడం చాలా ఏళ్లుగా నా పని. కాబట్టి నా చూపు కొంచెం ప్రెస్సు వైపు నుంచే ఉంటుంది.

ముందు ఆ 60,000 సంగతి. అది మిమ్మల్ని చూసి పెంచి చెప్పిన రేటు కాదు. బొమ్మకు 5,000 పడుతోంది. ఫుల్ పేజీ కలర్ బొమ్మ అంటే ముందు కథ చదవాలి. ఏ ఘట్టం గీయాలో రెండు మూడు చిన్న స్కెచ్‌లు వేసి మీకు పంపాలి. మీరు ఒకటి ఎంచుకున్నాక పెన్సిల్ రఫ్ వేయాలి. మీరు "నాయనమ్మ ఇంకొంచెం సన్నగా ఉండేదండీ" అంటే దిద్దాలి. ఆ తర్వాత లైను, ఆ తర్వాత రంగు. ఒక్కో బొమ్మకు రెండు మూడు రోజులు పట్టే పని ఇది. మీ 20,000ని అవే 12 బొమ్మలకు పంచితే ఒక్కోదానికి 1,667 రూపాయలు వస్తుంది, దాన్ని మళ్లీ రోజులకు పంచి చూడండి. ఇల్లు కట్టే మేస్త్రీ కూడా ఆ కూలికి రాడు.

అందుకే బేరం ఆడొద్దంటాను. బేరమాడి తగ్గించిన డబ్బు బొమ్మలోనే తగ్గుతుంది. వెనకాల చెట్లు మాయమవుతాయి, మనుషులందరూ పక్కకు తిరిగి నిలబడతారు, గీయడానికి కష్టమైన చేతులు కొంగు కింద దాక్కుంటాయి. "పుస్తకంతో మీకూ పేరొస్తుంది" అనే మాట అసలు ఎత్తొద్దు, 200 కాపీలతో ఎంత పేరొస్తుందో ఆయనకూ తెలుసు. ఆయన రేటు ఆయనకివ్వండి, పని తగ్గించండి.

పని తగ్గిస్తే పుస్తకం వెలవెలబోతుందేమో అని మీ భయం. ప్రెస్సు లెక్క చూస్తే ఆ భయం సగం పోతుంది. 200 కాపీలకు ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి వేసే అచ్చు) గిట్టదు, డిజిటల్ ప్రింటే చేయించాలి. డిజిటల్‌లో కలర్ పేజీకీ, నలుపు తెలుపు పేజీకీ ఖర్చులో చాలా రెట్ల తేడా ఉంటుంది. ప్రెస్సు వాళ్లను రెండు కొటేషన్లు అడగండి: 64 పేజీల్లో 12 కలర్ అయితే ఎంత, లోపలంతా నలుపు తెలుపైతే ఎంత. 12 పేజీలు, 200 కాపీలు అంటే 2,400 కలర్ పేజీలు. ఆ తేడా చూస్తే బొమ్మల బడ్జెట్‌కు ఇంకొంత కలపొచ్చని మీకే తెలుస్తుంది. ఏఐ బొమ్మ ఉచితంగా వచ్చిందనుకుంటున్నారు గానీ, దాన్ని కలర్‌లో అచ్చేయడానికి కాపీ కాపీకీ కడుతూనే ఉంటారు. మొదటి ప్రింటు అయిపోయి ఇంకో 100 కాపీలు కావాలంటే మళ్లీ కడతారు. ఆర్టిస్టుకిచ్చే డబ్బు ఒక్కసారే.

కాగితం గొడవ ఇంకోటి. మామూలుగా కథల పుస్తకాలకు వాడే మ్యాప్‌లిథో కాగితం రంగును పీల్చేసుకుంటుంది. ఏఐ బొమ్మల్లో కనిపించే ఆ సాయంకాలపు బంగారు వెలుగు, నీలి నీడలు ఫోన్లో మెరుస్తాయి, ఆ కాగితం మీదకొచ్చేసరికి బురదగా దిగుతాయి. ఫోన్ తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, అచ్చు యంత్రం సిరాతో చూపించాలి. తెర రంగుల పద్ధతి (ఆర్జీబీ) నుంచి సిరా రంగుల పద్ధతి (సీఎంవైకే)కి మార్చగానే మెరిసే ఆకుపచ్చలూ నీలాలూ ముందు చచ్చిపోతాయి. నున్నటి ఆర్ట్ పేపర్ వాడితే కొంత నయమే, దాని ధర వేరు, పుస్తకం బరువూ పెరుగుతుంది. నల్లటి లైన్ డ్రాయింగుకు ఈ బాధలేవీ లేవు. మన వారపత్రికలు దశాబ్దాల పాటు కథలకు బొమ్మలు వేసింది చవక కాగితం మీదే. బాపు గీత ఆ కాగితం మీద కూడా అంత హాయిగా నిలబడిందంటే, ఆయన చేతి గొప్పతనం ఎలాగూ ఉంది, అది నల్ల సిరాను దృష్టిలో పెట్టుకుని గీసిన గీత కావడం కూడా ఒక కారణం.

ఇక మీరు పంపిన మూడు ఏఐ బొమ్మలు. ఫోన్లో చూస్తే నిజంగానే ముచ్చటగా ఉన్నాయి. కానీ మీ కథల పక్కన పెట్టి చూశాను.

మొదటిది చల్ల చిలికే కథ. అందులో నాయనమ్మ గుంజకు కట్టిన కవ్వాన్ని తాడుతో అటూ ఇటూ లాగుతూ ఉంటుంది, ఆ తాడు పుటుక్కున తెగడంతోనే కథ మలుపు తిరుగుతుంది. బొమ్మలో ఉన్నావిడ కుండలో చెక్క గరిటె పెట్టి తిప్పుతోంది. గుంజ లేదు, తాడు అసలే లేదు. కథ విని బొమ్మ చూసిన పిల్ల "తాడేదీ?" అని అడుగుతుంది, మీ దగ్గర జవాబుండదు.

రెండోది వడ్ల పురి వెనక పిల్లి దాక్కునే కథ. గడ్డితాడు చుట్టలు చుట్టలుగా చుట్టి, లోపల ధాన్యం పోసి, పైన గడ్డి కప్పి కట్టే పురిని ఈ తరం పిల్లలు చూసి ఉండరు. అందుకే ఆ పేజీలో బొమ్మకు పని ఉంది. మీకొచ్చిన బొమ్మలో ఒక గుండ్రటి గడ్డి గుడిసె ఉంది, దానికి తలుపు కూడా ఉంది! పురి అంటే మనుషులు కాపురముండే ఇల్లని పిల్లలు అనుకుంటారు.

మూడోది సంక్రాంతి ముగ్గు. దూరం నుంచి అందంగా ఉంది. దగ్గరగా చూడండి: చుక్కలు ఒక దారి, గీతలు ఒక దారి. గీత ఒకచోట మొదలై ఎక్కడా కలవకుండా పూలలోకి కరిగిపోయింది. వాకిట్లో ముగ్గు వేసే మీ అత్తయ్యలు దీన్ని ఒక్క చూపులో పట్టేస్తారు, పుస్తకం పంచేది వాళ్లకే కదా. ఇంకోటి, మూడు బొమ్మల్లోనూ నాయనమ్మ కొంగు తల మీద కప్పుకుని ఉంది. మీరు పెట్టిన ఫొటోలో ఆవిడ కొంగు నడుముకు దోపుకుని ఉన్నారు. ముక్కుపుడక ఒక బొమ్మలో కుడివైపు, రెండో బొమ్మలో ఎడమవైపు, మూడోదాంట్లో లేనే లేదు.

ఇది ఆ టూల్ బద్ధకం కాదు. అది నేర్చుకున్న కోట్ల బొమ్మల్లో కవ్వాలు, పురులు చాలా తక్కువ. ఉన్నవాటి కింద కూడా ఎవరూ పేరు రాసి పెట్టలేదు. తెలియని చోట అది తనకు ఎక్కువగా కనిపించినదాని వైపు మొగ్గుతుంది. భారతీయ పల్లెటూరి ముసలావిడ అంటే సినిమాల్లో, ఫొటోల్లో పదేపదే కనిపించే ఉత్తరాది ముసలావిడే వస్తుంది. కథ రాజుల గురించో, మాట్లాడే కుందేలు గురించో అయితే ఈ తేడా ఎవరికీ పట్టదు. మీ పుస్తకం అలాంటిది కాదు. అది ఒక ఇంటి గురించి, ఆ ఇంట్లో సామాను గురించి, ఒక మనిషి గురించి. బొమ్మకు ఆ సంగతులు తెలిసి ఉండాలి.

ఫొటోలు ఇచ్చి, దిద్దించి దారికి తేవచ్చు కదా అంటారు. తేవచ్చు. ఈ టూల్స్ 2022లో ఉన్నట్టు ఇప్పుడు లేవు, ఆరువేళ్ల చేతుల జోకులు పాతబడ్డాయి. కవ్వం ఫొటో ఇస్తే కవ్వం వస్తుంది కూడా. కానీ కవ్వం దిద్దితే మొహం కొంచెం మారుతుంది, మొహం దిద్దితే అరుగు మారుతుంది, అరుగు దిద్దేసరికి గుంజ పోతుంది. 12 బొమ్మల్లో ఒకే మనిషి, ఒకే ఇల్లు ఉండాలంటే సాయంత్రం పని కాస్తా నెల పని అవుతుంది. మీకు అదే సరదా అయితే నాకు అభ్యంతరం లేదు, హాబీ అంటే సరదాయే. పుస్తకం పూర్తవ్వాలని ఉంటే మాత్రం ఆ నెల కథలను ఇంకోసారి దిద్దుకోవడానికి వాడండి, మూడో కథ ముగింపు ఇంకా కుదరలేదు.

సైజు గురించి కూడా చెప్పాలి, ప్రెస్సులో ఎక్కువ పేచీ దీనితోనే. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. మీరు పంపిన ఫైళ్లు 1024 పిక్సెళ్ల చతురస్రాలు. 1024ని 300తో భాగిస్తే మూడున్నర అంగుళాలు కూడా రాదు. డెమ్మీ 1/8 పుస్తకం పేజీ ఐదున్నర అంగుళాలకు ఎనిమిదిన్నర. అంచుల దాకా బొమ్మ రావాలంటే చుట్టూ కటింగుకు ఇంకో 3 మిల్లీమీటర్లు వదలాలి, అంటే దాదాపు 1725 పిక్సెళ్లకు 2625 ఉండాలి. బొమ్మ పిక్సెళ్లు పెంచే (అప్‌స్కేల్ చేసే) టూల్స్ ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కాకపోతే అవి లేని వివరాన్ని ఊహించి నింపుతాయి, ముసలి చేతి ముడతలు నున్నటి రబ్బరులా అవుతాయి. పైగా చతురస్రాన్ని నిలువు పేజీలో ఇరికించాలంటే పక్కలు కోయాలి, మీ పిల్లి బొమ్మలో పక్కన ఉన్నది పిల్లే.

పుస్తకం పేరు అక్షరాలు మాత్రం ఏఐతో వేయించొద్దు. మన వత్తులు, గుణింతాలు దాని చేతిలో పడితే ఏమవుతాయో మీ అట్ట బొమ్మ మీదే కనిపిస్తోంది, "కథలు"లో థకు చుక్క పోయింది. మండలి, రామభద్ర, సురన్న, ధూర్జటి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, అచ్చు పుస్తకంలో వాడుకోవడానికి లైసెన్స్ అడ్డురాదు. ఇంకా మంచిది, అట్ట గీసే ఆర్టిస్టునే పేరు కూడా చేత్తో రాసిమ్మనండి. దానికి విడిగా ఎంతో మాట్లాడుకోండి.

"బాపు బొమ్మలా గీయి" అని ఏఐని అడిగి చూశానని రాశారు. చాలామంది చేస్తున్నదే. 2025 మార్చిలో అందరి ఫొటోలూ జపాన్ కార్టూన్ బొమ్మలైపోయిన సరదా గుర్తుంది కదా, ఇదీ అలాంటిదే. శైలి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, కాబట్టి కేసుల భయం పెట్టను. నా అభ్యంతరం వేరే. బాపు బొమ్మలు చూస్తూ పెరిగిన తెలుగువాడికి ఆ నకలు ఎంత బాగా కుదిరితే అంత ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ కళ్లు ఉంటాయి, ఆ జడ ఉంటుంది, గీతలో ఆయన చేసే చిలిపితనం ఉండదు. మీ నాయనమ్మ పుస్తకం తెరిచినవాళ్లు మొదటి మాటగా "ఇది ఏఐలా ఉందే" అంటే ఆవిడ కథ వెనక్కి పోతుంది.

ఏఐకి నేను వ్యతిరేకిని కాదు. మా ఇంట్లో పిల్లలతో ఆడే సొంత కార్డుల ఆటకు బొమ్మలన్నీ దాంతోనే చేశాను. రాక్షసుడికి మూడు తలలు అడిగితే నాలుగొచ్చాయి, పిల్లలకు అదే నచ్చింది. ఇంటి దాకా ఉండే ఆటలకు, అపార్ట్‌మెంట్ క్విజ్ స్లైడ్లకు, వాట్సాప్‌లో ఒక పూట తిరిగి మాయమయ్యే ఆహ్వానాలకు, లేఅవుట్‌లో "ఇక్కడో బొమ్మ వస్తుంది" అని తాత్కాలికంగా పెట్టుకోవడానికి ఏఐ భేషుగ్గా ఉంటుంది. వాటికి ఎవరూ ఆర్టిస్టును పెట్టుకునేవారు కాదు, కాబట్టి ఎవరి పనీ పోలేదు. బొమ్మ తప్పుగా ఉంటే నష్టం ఏమిటి అని అడిగి చూసుకోండి. "ఏముంది, నవ్వుకుంటాం" అన్నది జవాబైతే ఏఐతో కానిచ్చేయండి. మీ పురి బొమ్మకు ఆ జవాబు చెప్పలేరు.

డబ్బు అసలే లేని రోజుల్లో కూడా ఏఐ ఒక్కటే దారి కాదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో పిల్లల పుస్తకాల బొమ్మలు ఓపెన్ లైసెన్స్‌తో ఉన్నాయి. ఆర్టిస్టు పేరు, లైసెన్స్ వివరం సరిగ్గా వేస్తే మీ పుస్తకంలో వాడుకోవచ్చు, అమ్మినా తప్పు లేదు. మీ నాయనమ్మ పాత ఫొటోలు, ఇంటి తలుపు, తిరగలి, ఇత్తడి గంగాళం ఫొటోలు నలుపు తెలుపులో వేసినా పుస్తకం నిండుగా ఉంటుంది. ఇంట్లో పదేళ్ల పిల్లలుంటే వాళ్లతో గీయించినవి కథకొకటి వేయండి. పిల్ల గీసిన వంకర ఎద్దును ఎవరూ తప్పు పట్టరు. అట్ట ఒక్కదానికి చేర్యాల నకాషీ చిత్రకారులనో, శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లనో అడగొచ్చు, కథలు బొమ్మల్లో చెప్పడం వాళ్లకు వంశపారంపర్యం. మీ తెనాలి కథలకు అది అంత అతకదనిపించింది, అందుకే గట్టిగా చెప్పడం లేదు.

హక్కుల విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది: డబ్బు కట్టాం కాబట్టి బొమ్మ మనదే అనుకోవడం. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిట్, ఫొటో లాంటివాటికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి హక్కుదారు. డ్రాయింగులు ఆ జాబితాలో పేరుపెట్టి లేవు. కాబట్టి కాగితం మీద రాసుకోవడమే మంచిది. సెక్షన్ 19 ఇంకా ముఖ్యం. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అనుకుంటుంది చట్టం, ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. మీ అక్క పిల్లల కోసం అమెరికాలో ఇంగ్లిష్ పుస్తకం వేద్దామనుకున్న రోజున ఈ రెండో వాక్యం మీకు అడ్డుపడుతుంది. "ఈ పుస్తకం తెలుగు, ఇంగ్లిష్ ముద్రణలకు, ఈబుక్కుకు, అన్ని దేశాల్లోనూ, కాపీరైట్ ఉన్నంతకాలం" అని ఒక్క వాక్యం రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. పూర్తి హక్కులు అడగకండి, మీకు అక్కర్లేదు, రేటు పెరుగుతుంది. ఒరిజినల్ కాగితాలు ఆయన దగ్గరే ఉంచుకుని ఎవరికైనా అమ్ముకోనివ్వండి, దానికి బదులు రేటు కొంచెం తగ్గించేవాళ్లూ ఉంటారు. ఆయన పేరు అట్ట మీద వేయండి, లోపల చివరి పేజీలో చిన్న అక్షరాల్లో కాదు.

ఏఐ బొమ్మల హక్కుల మాటకొస్తే, కంప్యూటర్ తయారుచేసినదానికి, అది తయారయ్యేలా చేసిన వ్యక్తే కర్త అనే మాట మన చట్టంలో ఉంది. అది 1994 సవరణలో చేరింది, ఇవాళ్టి ఏఐని ఊహించి రాసింది కాదు. అమెరికాలో ధోరణి వేరు. అక్కడి కాపీరైట్ ఆఫీసు 2023 ఫిబ్రవరిలో ఒక కామిక్ పుస్తకానికి రాతకూ, బొమ్మల అమరికకూ హక్కు ఇచ్చి, మిడ్‌జర్నీ అనే ఏఐ టూల్‌తో చేసిన బొమ్మలకు ఇవ్వలేదు. 2025 మార్చిలో అక్కడి అప్పీలు కోర్టు కూడా కర్త మనిషే అయ్యుండాలంది. 200 కాపీలు వేసేవారికి ఇదేమీ పెద్ద బెంగ కాదు. ఇంగ్లిష్ పుస్తకం అమెజాన్ కేడీపీలో (సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే చోటు) పెడితే మాత్రం ఏఐతో చేసిన బొమ్మలున్నాయా అని అడుగుతారు, తర్వాత మీరెంత దిద్దినా ఉన్నాయనే చెప్పాలి.

ఆర్టిస్టులు ఎక్కడ దొరుకుతారని అడిగారు. మీకు 60,000 చెప్పినాయన దగ్గరికే ముందు వెళ్లండి, కొత్త లెక్కతో. ఆయనకు కుదరకపోతే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కడపలోని ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీల్లో చదువుతున్నవాళ్లు, ఇప్పుడే బయటికొచ్చినవాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో తమ పని పెడుతుంటారు. పత్రికలకు కథాచిత్రాలు గీసిన పెద్దవాళ్లను మర్చిపోవద్దు. వారపత్రికలు చాలావరకు ఆగిపోయాక వాళ్లకు పని తగ్గింది. కవ్వం, పురి ఫొటో చూడకుండా గీయగలిగినవాళ్లు ఎక్కువగా అక్కడే ఉన్నారు. ఎంచుకునేటప్పుడు వాళ్ల పేజీలో అన్నిటికన్నా అందమైన బొమ్మను చూసి మురిసిపోకండి. ముసలివాళ్లను గీశారా, ఇంటి లోపల గీశారా, ఒకే మనిషిని రెండు మూడు బొమ్మల్లో గీశారా చూడండి.

ఆర్టిస్టుకు మీ ఏఐ బొమ్మలు పంపి "ఇలాగే కావాలి" అనొద్దు. ఒకసారి అది చూశాక ఆయన చెయ్యి దాని చుట్టూనే తిరుగుతుంది, గడ్డి గుడిసెకు తలుపు మళ్లీ వచ్చేస్తుంది. "ఏఐ బొమ్మలున్నాయి, కొంచెం సరిచేసిస్తే చాలు, తక్కువ తీసుకోండి" అనడం ఇంకా ఘోరం. ఆ ఫైల్లో లేయర్లు (లైను, రంగు విడివిడిగా దిద్దుకునే పొరలు) ఉండవు, సరిచేయడానికి కొత్తగా గీసినంత పని పడుతుంది. ఫొటోలు పంపండి: నాయనమ్మవి నాలుగు, ఇంటివి, అరుగువి, సామానువి. పురి ఫొటో లేకపోతే మీ బాబాయిని అడిగి ఫోన్లో వివరంగా చెప్పించి రికార్డు చేసి పంపండి. గీసేవాళ్లకు అలాంటి వివరం దొరికితే పండగే.

డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి: ఒప్పుకున్నప్పుడు మూడో వంతు, రఫ్‌లన్నీ చూశాక మూడో వంతు, ఫైళ్లు చేతికొచ్చాక మిగతాది. మార్పులు రఫ్ దశలో రెండుసార్లు అడగొచ్చు, ఇంకు పట్టాక అడిగితే విడిగా డబ్బివ్వాలి. ఈ మాట ముందే అనుకుంటే తర్వాత మొహమాటాలుండవు. రఫ్‌లు వచ్చినప్పుడు ఒక్కరే చూసి ఓకే చెప్పొద్దు, మీ పెద్దత్తయ్యకు చూపించండి. తప్పులు పట్టేది ఆవిడే.

ఆర్టిస్టు కూడా చాటుగా ఏఐ వాడి ఇస్తే ఎలా తెలుస్తుందని ఒకరు కింద కామెంట్లలో అడిగారు. ఆ అనుమానం ఉత్తిది కాదు. 2024 జనవరిలో మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే ఆట కార్డులు తయారుచేసే కంపెనీ తమ ప్రచార చిత్రంలో ఏఐ లేదని ముందు గట్టిగా చెప్పి, కొద్ది రోజులకే కొంత చేరిందని ఒప్పుకోవాల్సి వచ్చింది. బొమ్మ చూసి ఇది ఏఐ అని తేల్చే సాఫ్ట్‌వేర్‌ను నమ్మి ఎవరినీ నిందించకండి, అవి నిజమైన చేతిపనిని కూడా ఏఐ అంటాయి. పెన్సిల్ రఫ్‌ల ఫొటోలు, చివర్లో లేయర్లున్న ఫైలు ఇవ్వాలని మొదటే మాట్లాడుకుంటే చాలు. కాగితం మీద ఇంకుతో గీసేవాళ్లయితే ఈ ప్రశ్నే రాదు, స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయించమనండి.

ఇక ఆయనకు ఏం రాయాలో తెలియక ఆగిపోయానన్నారు కదా. ఇలా రాయండి, మీ మాటల్లోకి మార్చుకోండి:

"నమస్తే అండీ. మీరు చెప్పిన రేటు సరైనదే, మా బడ్జెట్ అంత లేదు. అందుకని పని మార్చి మళ్లీ అడుగుతున్నాను. అట్టకు ఒక కలర్ బొమ్మ, లోపల అర పేజీ లైన్ డ్రాయింగులు పది, నలుపు తెలుపులో. మొత్తం 20,000 ఇవ్వగలను, మొదటి విడత వెంటనే పంపుతాను. బొమ్మలు ఈ పుస్తకం తెలుగు, ఇంగ్లిష్ ముద్రణలకు, ఈబుక్కుకు మాత్రమే, మిగతా హక్కులూ ఒరిజినల్సూ మీవే. గడువు మూడు నెలలు, మీకు వీలున్నప్పుడు చేయండి. ఇంట్లో ఫొటోలు, రెండు కథలు దీంతో పంపుతున్నాను. ఈ డబ్బుకు పది కుదరకపోతే ఎన్ని కుదురుతాయో చెప్పండి, అన్నే వేద్దాం."

ఆయన ఆరే అంటే ఆరే వేయించండి: కవ్వం, పురి, ముగ్గు, ఇంకో మూడు మీ ఇష్టం. బొమ్మ లేని కథల మొదటి అక్షరాన్ని పెద్దదిగా రామభద్రలో పెడితే పేజీ బోసిగా ఉండదు. ప్రెస్సుతో తేదీ మాత్రం ఫైళ్లన్నీ చేతికొచ్చాకే ఖాయం చేసుకోండి. సంక్రాంతి ముందు వారాల్లో డైరీలు, క్యాలెండర్ల పనితో వాళ్లకు ఊపిరాడదు, మీ 200 కాపీలు ఓ మూలన పడుంటాయి.